మేమీ టీచర్

1983లో షికాగోలో ఓ ఎలిమెంటరీ స్కూలు టీచరమ్మ రిటైరయ్యారు. సర్వీసు 23 ఏళ్లు. అందరూ ఇరవైల్లో చేరే ఉద్యోగంలో ఆమె ముప్పై ఎనిమిదేళ్ల వయసులో చేరారు. క్లాసులో క్రమశిక్షణ తప్పనిచ్చేవారు కాదు. పిల్లలు గొణిగితే ఊరుకునేవారు కాదు, మాట స్పష్టంగా పలకాల్సిందే.

ఆమె పేరు మేమీ టిల్-మోబ్లీ. అమెరికా చరిత్ర పుస్తకాల్లో ఈ పేరు తప్పకుండా కనిపిస్తుంది, కానీ టీచరుగా కాదు. 1955 సెప్టెంబరులో పద్నాలుగేళ్ల కొడుకు శవపేటిక మూత తెరిచి, ‘వచ్చి చూడండి’ అని లోకాన్ని పిలిచిన తల్లిగా. చాలామంది ఆమె కథను ఆ శవపేటిక దగ్గరే ఆపేస్తారు. ఆ తర్వాత ఆమె మరో 47 ఏళ్లు బతికారు. అందులో సగం కాలం నల్లబల్ల ముందే గడిచింది. తల్లిగా ఆమె చేసిందీ, టీచరుగా చేసిందీ వేర్వేరు పనులు కావు. ఒకటి కళ్లారా చూపించడం, రెండోది నోరారా పలికించడం. రెంటికీ వెనకున్న పట్టుదల ఒక్కటే.

మేమీ ఎలిజబెత్ కార్తన్ 1921 నవంబరు 23న మిసిసిపీ రాష్ట్రంలో వెబ్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టారు. అది పత్తి చేల నేల. నల్లవాళ్లు తెల్లవాళ్ల భూముల్లో పాలుకు సాగు చేస్తూ, ఏటా లెక్కల్లో అప్పు తేలుతూ బతికే ప్రాంతం. అక్కడి నుంచి లక్షల మంది రైలెక్కి ఉత్తరాదికి వలసపోయిన రోజులవి. మేమీ తండ్రి కూడా షికాగో పక్కనున్న ఆర్గో అనే చోట మొక్కజొన్న గంజిపొడి తయారుచేసే ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. 1924లో రెండేళ్ల మేమీని తీసుకుని తల్లి ఆల్మా కూడా వెళ్లారు.

ఆర్గోలో ఆల్మా ఇల్లు ఒక సత్రం లాంటిది. మిసిసిపీ నుంచి దిగిన బంధువులకూ, ఊరివాళ్లకూ, వాళ్ల ఊరివాళ్లకూ తొలి మజిలీ అదే. పని దొరికేదాకా తిండీ పడకా అక్కడే. కూతురి చదువు విషయంలో మాత్రం ఆల్మా కచ్చితంగా ఉండేవారు. తెల్ల పిల్లలే ఎక్కువగా ఉన్న ఆర్గో హైస్కూల్లో ప్రతిభావంతుల జాబితాకెక్కిన తొలి నల్లజాతి విద్యార్థి మేమీయే. ఆ స్కూలు నుంచి అప్పటికి పట్టా పుచ్చుకున్న నల్లజాతి పిల్లలు ముగ్గురే. ఈమె నాలుగో మనిషి.

ఈల నేర్పిన అమ్మ

1940లో లూయీ టిల్‌తో పెళ్లయింది. మరుసటి ఏడాది జులై 25న కొడుకు పుట్టాడు, కష్టమైన కాన్పు. పిల్లాడికి ఎమెట్ అని పేరు పెట్టారు, ఇంట్లో అందరికీ ‘బోబో’. కాపురం నిలవలేదు. లూయీ సైన్యంలో చేరి ఇటలీ వెళ్లాడు. 1945లో సైనిక న్యాయస్థానం తీర్పుపై అక్కడే అతన్ని ఉరితీశారు. భార్యకు సైన్యం వివరాలేమీ చెప్పలేదు. అతని సామాన్లు మాత్రం వచ్చాయి. వాటిలో ఎల్.టి. అనే అక్షరాలు, 1943 మే 25 తేదీ చెక్కిన వెండి ఉంగరం ఉంది. ఆ ఉంగరంతో తర్వాత ఎంత అవసరం పడుతుందో అప్పుడెవరికి తెలుసు?

ఎమెట్‌కు చిన్నప్పుడే పోలియో వచ్చింది. కాళ్లు బాగుపడ్డాయి గానీ నత్తి మిగిలిపోయింది. కొన్ని అక్షరాల దగ్గర, ముఖ్యంగా ‘బ’ దగ్గర, నాలుక మొరాయించేది. అమ్మ ఒక చిట్కా చెప్పింది: మాట ఇరుక్కుపోతే ఒక్క క్షణం ఆగు, చిన్నగా ఈల వెయ్యి, ఊపిరి సర్దుకున్నాక మళ్లీ మొదలుపెట్టు. ట్రైనింగ్ సర్టిఫికెట్ చాలా ఏళ్ల తర్వాత వచ్చింది గానీ, మేమీ టీచరు తొలి పాఠం ఇదే. తొలి విద్యార్థి ఇతనే.

తల్లి వైమానిక దళం ఆఫీసులో సివిలియన్ గుమాస్తా. రహస్య ఫైళ్లు చూసే బాధ్యత, పొద్దున పోతే రాత్రికి రావడం. ఇంటిపని కొడుకు నెత్తినేసుకున్నాడు. వంట, బట్టలుతకడం, ఇల్లూడ్చడం అన్నీ నేర్చాడు. నువ్వు సంపాదించుకురా, ఇల్లు నేను చూసుకుంటానని ఆ పిల్లాడు ఒప్పందం చేసుకున్నాడట. 1954 క్రిస్మస్‌కు తల్లీకొడుకులు ఫొటోలు దిగారు. టోపీ, టై, పెద్దరికంతో కూడిన ఓ చిరునవ్వు. ఈనాటికీ ఎమెట్ అనగానే ప్రపంచం చూసేది ఆ ఫొటోలనే.

1955 ఆగస్టులో ఆల్మా సోదరి భర్త మోజ్ రైట్ మిసిసిపీ నుంచి షికాగో వచ్చారు. తిరిగి వెళ్తుంటే బంధువుల పిల్లలు కొందరు ఆయనతో బయల్దేరారు. నేనూ వెళ్తానని ఎమెట్ పేచీ పెట్టాడు. తల్లికి ఇష్టం లేదు. ఆమె అనుకున్నది వేరే ఊరికి కారులో వెళ్దామని. దారిలో డ్రైవింగ్ నేర్పిస్తానని ఆశ కూడా పెట్టారు, పిల్లాడు లొంగలేదు. చివరికి ఒప్పుకుని, మిసిసిపీలో ఎలా మసలాలో కూర్చోబెట్టి చెప్పారు. తెల్లవాళ్లు ఎదురైతే దారి వదులు, అడిగితేనే మాట్లాడు, అవసరమైతే మోకాళ్ల మీద పడి క్షమించమను. షికాగోలో పెరిగిన పిల్లాడికి ఇదంతా అతిగా తోచింది.

ఆగస్టు 20న స్టేషనుకు ఆలస్యంగా చేరారు. రైలందుకునే హడావిడిలో మెట్లెక్కి పరుగెత్తుతున్న కొడుకును తల్లి వెనక్కి పిలిచి ముద్దు అడిగారు. నాకిది అక్కర్లేదులే అని చేతి వాచీ తీసి ఆమెకిచ్చాడు. వేలికి తండ్రి ఉంగరం మాత్రం ఉంది.

పెట్టె తెరవాల్సిందే

నాలుగు రోజుల తర్వాత మనీ అనే పల్లెలో ఒక కిరాణా కొట్టు. కౌంటరు దగ్గర కరోలిన్ బ్రయంట్ అనే తెల్ల యువతి. లోపలేం జరిగిందో పూర్తిగా తేలలేదు. బయటికొచ్చాక ఎమెట్ ఈల వేశాడని తోడున్న బంధువులు చెప్పారు. మాట పెగలక వేసిన ఈలేమోనని తల్లి చివరిదాకా అనుకున్నారు. ఏదైతేనేం, ఆగస్టు 28 తెల్లవారుజామున రెండున్నరకు కరోలిన్ భర్త రాయ్ బ్రయంట్, అతని సవతి అన్న జె.డబ్ల్యూ. మైలమ్ తుపాకీ పట్టుకుని మోజ్ రైట్ ఇంటికొచ్చారు. నిద్రలో ఉన్న పిల్లాణ్ని లేపి పట్టుకుపోయారు. మూడు రోజులకు టాలహాచీ నదిలో శవం తేలింది. మెడకు ముళ్లతీగతో పత్తి మిల్లు ఫ్యాను బిగించి ఉంది. ముఖం గుర్తుపట్టేలా లేదు. గుర్తు తెలిసింది ఉంగరంతోనే.

అక్కడి షెరిఫ్ అదే రోజు పూడ్చిపెట్టేయాలని తొందరపెట్టారు. గొయ్యి తవ్వడం కూడా మొదలైంది. షికాగో నుంచి మేమీ ఫోన్ల మీద ఫోన్లు చేయించి ఆపించారు. కొడుకు తన దగ్గరికి రావాల్సిందేనన్నారు. సెప్టెంబరు 2న రైల్లో వచ్చిన పెట్టెకు సీలుంది, తెరవకూడదన్న షరతుంది. అంత్యక్రియల సంస్థ నడిపే ఎ.ఎ. రేనర్ ఆ షరతు గురించి వివరించబోయారు. మీరు తెరవకపోతే సుత్తి ఇవ్వండి, నేనే తెరుస్తానన్నారు ఆమె.

తెరిచాక చేసిన పని చదువుతుంటే చేతులు వణుకుతాయి. ఆమె ముఖం దగ్గర మొదలుపెట్టలేదు. పాదాల దగ్గర మొదలుపెట్టారు. మడమలు, పిక్కలు, మోకాళ్లు. తను పద్నాలుగేళ్లు స్నానం చేయించి, నూనె రాసి, దెబ్బలకు కట్లు కట్టిన ఒళ్లు. ఒక్కో భాగాన్నీ ‘ఇది నా బిడ్డదే’ అని నిర్ధారించుకుంటూ పైకి వచ్చారు. చివరికి పళ్లు, చెవి, మిగిలిన ఒక కన్ను రంగు. రేపెవరైనా ఇది నీ కొడుకు కాదంటే కళ్లలోకి చూసి జవాబు చెప్పగలగాలి కదా! ఆ రేపు నిజంగానే వచ్చింది, కోర్టులో.

రేనర్ ముఖాన్ని కాస్త సరిచేయమంటారా అని అడిగారు. వద్దన్నారు. తను చూసింది అందరూ చూడాలన్నారు. పెట్టెకు అద్దం బిగించారు. మూత లోపలివైపు క్రిస్మస్ ఫొటోలు మూడు గుచ్చారు. చూసేవాళ్ల కళ్లకు రెండు ముఖాలూ ఒకేసారి పడాలి. స్టేట్ స్ట్రీట్‌లోని రాబర్ట్స్ టెంపుల్ చర్చి ముందు రోజుల తరబడి బారులు తీరిన జనం పదివేల లెక్కన వచ్చారు. కొందరు సొమ్మసిల్లారు. సెప్టెంబరు 6న బర్ ఓక్ శ్మశానవాటికలో ఖననం జరిగింది. డేవిడ్ జాక్సన్ తీసిన ఫొటోను ‘జెట్’ పత్రిక సెప్టెంబరు 15 సంచికలో అచ్చేసింది. అది, ‘షికాగో డిఫెండర్’ వంటి నల్లజాతి పత్రికలు ధైర్యం చేశాయి. తెల్లవాళ్ల పెద్ద పత్రికలు ఆ ఫొటో ముట్టుకోలేదు.

మిసిసిపీలోని సమ్నర్‌లో బ్రయంట్, మైలమ్‌ల మీద హత్య కేసు విచారణ సెప్టెంబరు 19న మొదలైంది. జ్యూరీలో పన్నెండు మంది, అందరూ తెల్ల మగవాళ్లే. నల్లజాతి విలేఖరులకు పక్కన ఒక పేకాట బల్ల వేశారు. మోజ్ రైట్ బోనులో నిలబడి నిందితుల వైపు వేలు చూపించారు. మిసిసిపీలో ఆ రోజుల్లో అది ప్రాణాలకు తెగించిన పని. తర్వాత మేమీ వంతు. అది మీ అబ్బాయి శవమేనా? తల్లినండీ, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందన్న ధోరణిలో, గొంతు వణక్కుండా ఒక్కో ఆనవాలూ చెప్పారు. డిఫెన్సు వకీలు మాత్రం పిల్లాడి పేర ఉన్న చిన్న బీమా పాలసీల గురించి ఆరా తీశాడు. ఏ పత్రికలు చదువుతావని అడిగాడు. జ్యూరీ లోపలికెళ్లగానే, తీర్పెలా వస్తుందో తెలిసిపోయిందని ఆమె కోర్టు నుంచి బయల్దేరిపోయారు. 67 నిమిషాల్లో నిర్దోషులని తేల్చారు. మధ్యలో కూల్‌డ్రింకు తాగడానికి ఆగకపోతే అంతసేపు పట్టేది కాదని జ్యూరీలో ఒకాయన అన్నాడు.

నిందితులు నాలుగు నెలలకే ‘లుక్’ పత్రిక నుంచి దాదాపు 4,000 డాలర్లు పుచ్చుకుని, చంపింది మేమేనని చెప్పుకున్నారు. ఒకసారి విడుదలైన కేసులో మళ్లీ విచారించే వీల్లేదు. ఈలోపు లూయీ టిల్ మరణశిక్ష వివరాలు పత్రికలకెక్కాయి. తండ్రి నేరాన్ని తవ్వి కొడుకు నెత్తిన రుద్దే ప్రయత్నం. ప్రెసిడెంట్ ఐజెన్‌హోవర్‌కు మేమీ పంపిన టెలిగ్రాంకు జవాబే రాలేదు. అండగా నిలిచి ఊరూరా సభలు పెట్టించిన నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ నాయకత్వంతో కూడా 1955 నవంబరులోనే డబ్బు విషయంలో తేడా వచ్చింది. ఉపన్యాస యాత్ర నుంచి ఆమెను తప్పించారు. ఉద్యమాలు తల్లుల కన్నీళ్లను వాడుకున్నంత సులువుగా తల్లుల ఖర్చులు భరించవని ఇక్కడ చెప్పక తప్పదు.

ఆ ఫొటో మాత్రం తన పని తాను చేసుకుపోయింది. 1955 డిసెంబరు 1న మాంట్‌గొమరీ బస్సులో రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ తెల్లవాళ్ల కోసం సీటు వదలనన్నారు. ఆ క్షణంలో ఎమెట్‌ను తలచుకున్నానని ఆమె తర్వాత చెప్పారు.

మళ్లీ కాలేజీకి

1956లో, ముప్పై నాలుగేళ్ల వయసులో, మేమీ షికాగో టీచర్స్ కాలేజీలో చేరారు. పక్క బెంచీల్లో ఉన్నదంతా కుర్రకారు. ఇంట్లో ఒక గది ఖాళీ. వీధిలో అందరూ గుర్తుపట్టే ముఖం. ఈ బరువుతో నాలుగేళ్ల కోర్సు చదవడమే గొప్ప, ఆమె ఆనర్స్‌తో పాసయ్యారు. 1957లో జీన్ మోబ్లీని పెళ్లి చేసుకున్నారు. ఎమెట్ ఉండగానే ఇంటికి ఆప్తుడైన మనిషి ఆయన. శవం గుర్తించేటప్పుడు పక్కన నిలబడిందీ ఆయనే. 2000లో ఆయన పోయేదాకా ఆ కాపురం సాగింది. టీచరయ్యాక మేమీ లయోలా యూనివర్సిటీలో పాఠశాల పరిపాలనలో మాస్టర్స్ కూడా చేశారు.

1960 నుంచి షికాగో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పాఠాలు. ఎక్కువమంది తన కొడుకులాంటి పిల్లలే. నల్లజాతి పేటల్లో పెరుగుతూ, తల్లిదండ్రులిద్దరూ పనికెళ్తే తాళంచెవి మెళ్లో వేసుకుని తిరిగే పిల్లలు. వాళ్లలో ఎవరికైనా ఈమె ఎవరో తెలిస్తే తెలిసుండొచ్చు. రోజూ ఎనిమిది గంటలకు తలుపు తీసే ఉద్యోగంలో చరిత్రను భుజాన వేసుకు తిరిగే తీరిక ఎవరికుంటుంది?

1973లో ఆమె మొదలుపెట్టిన ‘ఎమెట్ టిల్ ప్లేయర్స్’ గురించి మాత్రం ఆగి చెప్పుకోవాలి. అది పిల్లల బృందం. నాటకాలు, పాటల కన్నా వాళ్ల ప్రత్యేకత మార్టిన్ లూథర్ కింగ్ ఉపన్యాసాలు కంఠతా చెప్పడం. మన బడుల్లో వేమన పద్యాలు అప్పజెప్పించినట్టే, కాకపోతే ఇవి నాలుగు పాదాలు కావు, పేజీలకు పేజీలు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు పెంచాలి, చివరి వరసకు వినపడేలా ఊపిరి ఎలా పట్టాలి, అన్నీ నేర్పారు. చర్చిల్లో, సభల్లో, ఇతర నగరాల్లో ప్రదర్శనలిచ్చారు.

కింగ్ తన ప్రఖ్యాతమైన కల గురించిన ఉపన్యాసం వాషింగ్టన్‌లో ఇచ్చింది 1963 ఆగస్టు 28న. ఎమెట్‌ను ఎత్తుకుపోయి సరిగ్గా ఎనిమిదేళ్లు. ఆ తేదీని ఆమె మరచిపోయి ఉంటారా! నత్తితో మాట పెగలని బిడ్డ ఒకడు పోతే, తడబడకుండా మైకు ముందు నిలబడే పిల్లల్ని ఆమె బ్యాచులు బ్యాచులుగా తయారుచేశారు. స్మారకం అంటే రాయీ రప్పేనన్న అలవాటు మనది. 1976లో డెన్వర్‌లో కింగ్ పక్కన ఎమెట్ నిలబడిన విగ్రహం ఒకటి పెట్టారు. తర్వాత దాన్ని ప్వేబ్లో నగరానికి తరలించారు. ప్లేయర్స్ పిల్లలు విగ్రహం కన్నా గట్టి స్మారకమని నా అభిప్రాయం.

రిటైరయ్యాక విశ్రాంతి లేదు. పిలిచిన ప్రతి స్కూలుకూ, కాలేజీకీ వెళ్లి అదే కథ మొదటి నుంచి చెప్పేవారు. డేవిడ్ బార్‌తో కలిసి నాటకం రాశారు. 1991లో షికాగో 71వ వీధికి ఎమెట్ పేరు పెట్టారు. కొడుకును చంపినవాళ్ల మీద ద్వేషం పెంచుకోలేదని ఇంటర్వ్యూల్లో చెప్పేవారు. కేసు మాత్రం వదల్లేదు. ఈ రెండూ కలిసి ఉండగలవని ఆమెను చూస్తే తెలుస్తుంది. మైలమ్ 1980లో, బ్రయంట్ 1994లో క్యాన్సర్‌తో పోయారు. ఈ హత్యకు శిక్ష పడకుండానే.

క్రిస్టఫర్ బెన్సన్ సాయంతో రాసిన ఆత్మకథ అచ్చయ్యేలోపే 2003 జనవరి 6న మేమీ కన్నుమూశారు. అప్పటికి 81 ఏళ్లు. కొడుకున్న బర్ ఓక్‌లోనే ఆమెకూ చోటు. మరుసటి ఏడాది ప్రభుత్వం కేసు తిరిగి తెరిచింది. 2005లో సమాధి తవ్వి పరీక్షలు చేస్తే ఆ దేహం ఎమెట్‌దేనని తేలింది. ‘ఇది వేరే ఎవరి శవమో’ అన్న డిఫెన్సు వాదనకు శాస్త్రం యాభై ఏళ్ల తర్వాత చెప్పిన సమాధానం, తల్లి ఆనాడే చెప్పిందే. అయినా కొత్తగా ఎవరి మీదా అభియోగం మోపలేదు. కరోలిన్ 2023లో పోయారు.

మూకహత్యను కేంద్ర నేరంగా ప్రకటించే తొలి బిల్లు అమెరికా కాంగ్రెస్ ముందుకొచ్చింది 1900లో. చట్టమైంది 2022 మార్చిలో, ఎమెట్ టిల్ పేరుతో. అంటే 122 ఏళ్లు. మరుసటి ఏడాది జులై 25న, బతికుంటే ఎమెట్‌కు 82 నిండే రోజున, తల్లీకొడుకులిద్దరి పేరిట జాతీయ స్మారకం ప్రకటించారు. రాబర్ట్స్ టెంపుల్, శవం దొరికిందని భావించే నది ఒడ్డు, సమ్నర్ కోర్టు, మూడూ అందులో భాగం. ఆ నది ఒడ్డున పెట్టిన బోర్డును ఎవరెవరో పదే పదే తుపాకులతో కాల్చిపోతుంటే 2019లో బుల్లెట్లు దిగనిది పెట్టాల్సి వచ్చింది. కథ పాతబడిందనుకునేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు. 2023లోనే ఆమె చదివిన ఆర్గో హైస్కూలు ముందు మేమీ విగ్రహం కూడా వెలిసింది.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగువాళ్లు వాషింగ్టన్ చూడకుండా రారు. వైట్‌హౌస్, లింకన్ స్మారకంతో పాటు నేషనల్ మాల్ మీదున్న ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియానికి ఒక పూట కేటాయించండి. సమాధి తవ్వినప్పుడు పక్కనపెట్టి, తర్వాత శ్మశానంలోని ఓ పాడుబడ్డ షెడ్డులో దొరికిన ఎమెట్ అసలు శవపేటిక ఇప్పుడు అక్కడుంది. టికెట్ లేదు గానీ సమయం వేసిన పాసు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. పేటిక ఉన్న గదిలో ఫొటోలు తీయనివ్వరు.